పైన కూర్చున్నవాడు, కింద పడుకున్నవాడు

సత్తెనపల్లి తాలూకా సెంటర్లో పొద్దున పూట టీ తాగే అలవాటున్నవాళ్లకి ఈ ఇద్దరూ తెలిసినవాళ్లే. ఒకాయన పత్తి వ్యాపారం చేసి ఎప్పుడో మానుకున్న పెద్దాయన, డెబ్బయి అయిదు దాటాయి. రెండో ఆయన అచ్చంపేట రోడ్డులో కార్ల షెడ్డు నడిపి నడిపి కొడుక్కి అప్పజెప్పిన మెకానిక్, వయసులో కాస్త చిన్న. పెద్దాయన ‘భాయ్’ అని పిలిచి నువ్వంటాడు. మెకానిక్ ‘అన్నా’ అని పిలిచి మీరంటాడు. వాదన ఎంత ముదిరినా ఈ పద్ధతి చెడదు.

తగాదా ఒక అంబాసిడర్ గురించి. ఫిరంగిపురం అవతల ఎవరి పశువుల పాకలోనో పాత మార్క్ టూ ఒకటి పడి ఉందని, బేరమాడితే ఇస్తారని పెద్దాయనకి కబురొచ్చింది. 1976లో ఆయన గుంటూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొని, 1988 దాకా తిప్పింది కూడా మార్క్ టూనే. దీన్ని కొనాలని ఉబలాటం. ముందొచ్చి చూసిపెట్టమని మెకానిక్‌ని అడిగాడు. రానన్నాడు ఆయన. పక్క బల్ల మీద కూర్చుని నేను విన్నది ఇది. మధ్యలో నాకు తోచింది కూడా రాశాను.

పెద్దాయన: నిన్ను కొనమన్నానా భాయ్? చూడమన్నా. బండి చూడ్డానికి కూడా ఇంత బెట్టా?

మెకానిక్: నేను చూస్తే మీరు కొంటారన్నా. కొంటే తెచ్చి మా షెడ్డు ముందు పెడతారు. పెడితే మళ్లీ నేనే దాని కింద దూరాలి. నా మోకాళ్లు ఒప్పుకోవు.

పెద్దాయన: మీవాడున్నాడు గదా.

మెకానిక్: వాడికి కార్బురేటర్ చూపిస్తే ఇదేందని అడుగుతాడు. స్టీరింగ్ కింద ఒక పిన్ను గుచ్చుతాడు, చేతిలో స్కానర్ చూస్తాడు, బండి తన రోగం తనే చెప్పుకుంటది. వాడి పని అది. గ్రీజు గన్ను పట్టుకోవడం వాడికి రాదు, నేను నేర్పలేదు కూడా.

పెద్దాయన: అదే నా బాధ. నువ్వు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడివి గుర్తుందా? కళ్లు మూసుకుని, ‘రెండో సిలిండరు ట్యాపెట్ వదులైందన్నా’ అనేవాడివి. విప్పి గేజి పెడితే అదే. 15 థౌ ఉండాల్సిన చోట ఇరవై ఉండేది. డాక్టర్లు కూడా అంత కచ్చితంగా చెప్పలేరు.

మెకానిక్: చెప్పకపోతే ఆ పూట సంపాదన లేదు. ముందు అంత వదులు ఎందుకయిందో ఆలోచించారా? నెలనెలా బానెట్ ఎత్తాల్సిందే ఆ బండికి. ట్యాపెట్లు సర్దాలి, పాయింట్లు సానబట్టాలి, ప్లగ్గులు గీకాలి, కింగ్‌పిన్నులకు గ్రీజు కొట్టాలి. ఇప్పటి బండి పదివేల కిలోమీటర్లకి ఒకసారి వస్తది, ఆయిలు మార్చుకుని పోతది. మీరు ప్రేమ అనుకునేదాంట్లో సగం దాని జబ్బే.

పెద్దాయన: జబ్బు పడని మనిషి మీద ప్రేమ పుట్టదు భాయ్.

మెకానిక్: జబ్బు మనిషి పక్కన కూర్చునేవాడు అనే మాట అది. మంచం కింద ఊడ్చేవాడు అనడు.

ఇక్కడ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత దారి మార్చి దేశభక్తిలోకి వెళ్లాడు. కార్ల గురించి మన పెద్దవాళ్ల వాదనలన్నీ ఏదో ఒక దశలో అక్కడికి చేరేవే.

పెద్దాయన: అది మన దేశం బండి. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో, బిర్లాలు పెట్టిన హిందుస్థాన్ మోటార్స్‌లో తయారైంది. ప్రధానమంత్రులు ఎక్కారు, కలెక్టర్లు ఎక్కారు, నేనూ ఎక్కా. మిగతావన్నీ తర్వాతొచ్చిన బయటి కంపెనీలు.

మెకానిక్: ఏది మన బండి? బాడీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది. ఇంజను బీఎంసీ వాళ్లది, 1489 సీసీ. ఇంగ్లండులో ఆ మోడల్ని 1956లో తెచ్చి 1959లో ఆపేశారు. మూడేళ్లకే వాళ్లు పక్కన పెట్టినదాన్ని మనం అర్ధశతాబ్దం పైన చేస్తానే ఉన్నాం. మార్క్ వన్, మార్క్ టూ, త్రీ, ఫోర్, నోవా అన్నారు. గ్రిల్లు మారింది, దీపం మారింది. దాని కింద పడుకుని పైకి చూస్తే ఏ మార్కో చెప్పడం నాకే కష్టంగా ఉండేది.

పెద్దాయన: మారకపోవడమే గదా దాని గొప్ప! 1965 బండి సామాను 1985 బండికి పట్టేది. మాచర్లలో ఆగిపోయినా, దాచేపల్లిలో ఆగిపోయినా ఎవడో ఒకడు బాగుచేసేవాడు. బెజవాడ ఆటోనగర్‌కి పోతే దొరకని నట్టు లేదు. ఇప్పటి బండి ఆగితే లారీ మీద ఎక్కించి గుంటూరు షోరూముకి పంపాలి.

మెకానిక్: ఆ ఒక్కమాట ఒప్పుకుంటా. ఎందుకు మారలేదో కూడా చెప్పండి మరి. ఉన్నయ్యి మూడే. మీ అంబాసిడరు, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. సర్కారు లైసెన్సు ఎన్నింటికిస్తే అన్నే తయారు. డబ్బు కట్టినవాడు ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. కొనేవాడే క్యూలో నిలబడినప్పుడు, చేసేవాడికి మార్చాల్సిన పనేంది? 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చేదాకా అంతే. దాన్ని చూసి మీరేమన్నారో గుర్తుందా? అగ్గిపెట్టె అన్నారు.

పెద్దాయన: అగ్గిపెట్టే గదా మరి. 796 సీసీ. అందులో మా అమ్మని కూర్చోబెడితే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. నా బండిలో ముందు సీటు ఒకే పరుపు, గేరు స్టీరింగ్ పక్కన, చేతి కింద ఉంటది. ముందే ముగ్గురం కూర్చునేవాళ్లం. వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు. శివరాత్రికి కోటప్పకొండకి బయల్దేరితే బండి ఎక్కినవాళ్ల లెక్క చిలకలూరిపేట రోడ్డులో గాని తేలేది కాదు.

మెకానిక్: వెనక కమాను పట్టీల లెక్క మాత్రం మర్నాడు నా షెడ్డులో తేలేది.

పెద్దాయన గట్టిగా నవ్వాడు. టీ కొట్టాయన కూడా నవ్వాడు. నవ్వు అయ్యాక పెద్దాయన తన అసలు బలమైన పాయింటుకి వచ్చాడు. నాకు ఆయన మీద ఎప్పుడూ గౌరవం కలిగించే పాయింటు అదే. మెకానిక్‌కి ఎక్కడ నొప్పి ఉందో బయటపెట్టింది కూడా అదే.

పెద్దాయన: సరే, నా సంగతి వదిలెయ్. ఊరి సంగతి చెప్పు. 1967 ఆగస్టులో సాగర్ నీళ్లు వదిలారు. కుడికాలువ కింద పత్తి, మిరప వచ్చి నలుగురి చేతుల్లో డబ్బాడింది. అయినా కార్లు ఎన్ని ఈ ఊళ్లో? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని నా కారు నాది కాదు, వీధిది. పెళ్లికొడుకుని ఊరేగించాలంటే నా కారు. పాము కరిచిందంటే నా కారు. నెలలు నిండిన పిల్లకి నొప్పులొస్తే, అర్ధరాత్రి గుంటూరు పెద్దాసుపత్రికి నా కారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఇవాళ ఒక్కో వీధిలో ఇరవై కార్లున్నాయి. పక్కింటివాడి కారు రంగేందో మనకి తెలియదు. పోయింది బండి కాదు భాయ్, అదీ పోయింది.

మెకానిక్: చెప్పమంటారా అన్నా? మీరు నొచ్చుకోకపోతే చెప్తా.

పెద్దాయన: చెప్పు.

మెకానిక్: 1979లో మా పెద్దమ్మాయి పుట్టేటప్పుడు మా ఆవిడకి రాత్రి నొప్పులొచ్చినయ్. మాచర్ల నుంచి వచ్చే మీటర్ గేజి రైలు పొద్దున గాని లేదు. మంత్రసాని చేతులెత్తేసింది. మీ ఇంటికొచ్చా. అరుగు మీద మీ నాన్నగారు పడుకుని ఉన్నారు. ‘తెల్లారేదాకా ఆగదా?’ అన్నారు. ఆగదన్నా. అప్పుడు మిమ్మల్ని లేపారు.

పెద్దాయన: నేనే నడిపా. ఆ రాత్రి వాన. ఒక్క హెడ్‌లైటే వెలిగింది, అదీ గుడ్డిదీపంలాగా. నాకు బాగా గుర్తు.

మెకానిక్: డైనమో కార్బన్లు అరిగినయ్, మార్చాలని అంతకు నాలుగు రోజుల ముందు నేనే చెప్పా. ఈ పత్తి సీజను కానీ అన్నారు మీరు.

పెద్దాయన: అయినా చేర్చా గదా!

మెకానిక్: చేర్చారు. తల్లీ పిల్లా బతికారు. మీ మేలు నేను మర్చిపోలేదు. కాని అన్నా, ఆ తర్వాత నాలుగేళ్లు మీ బండికి చేసిన పనికి నేను మజూరీ అడగలేకపోయా.

పెద్దాయన: నేనివ్వనన్నానా?

మెకానిక్: అనలేదు. నేను అడగలా, మీరు ఇవ్వలా.

ఆ తర్వాత ఎవరూ తొందరపడి మాట్లాడలేదు. పెద్దాయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు కనబడ్డాడు. అబద్ధమాడే మనిషి కాదాయన. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదన్నది నిజమే. ఇవ్వని పైసలూ ఉంటాయన్నది మాత్రం ఇన్నేళ్లలో ఆయన లెక్కలోకి రాలేదు.

మెకానిక్: తప్పు పట్టడం లేదన్నా. కారుండటమంటే అప్పట్లో అట్టా ఉండేదని చెప్తున్నా. మీకు ఇవ్వడం గుర్తుంది, మాకు అరుగు దగ్గర నిలబడటం గుర్తుంది. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. మా రెండో కోడలికి నొప్పులొచ్చినప్పుడు ఫోను చేశాం, బండొచ్చింది, ఎక్కించుకుపోయింది. దాని డ్రైవరు ఎవరో నాకు తెలియదు, నేనెవరో అతనికి తెలియదు. ఎవరి ఇంటి తలుపూ కొట్టలేదు. ఎంత హాయిగా ఉందో తెలుసా?

పెద్దాయన: మనుషులు ఒకరికొకరు తెలియకపోవడం హాయంటావా?

మెకానిక్: ఆ రాత్రికి హాయే.

పెద్దాయన: నువ్వు నన్ను లోకువ కట్టావు భాయ్. కారు చూసుకుని పొంగిపోయినవాణ్ణి కాదు నేను.

మెకానిక్: పొంగిపోయారని నేననలా. కారుంటే పెద్దమనిషని ఊరు అనుకునేది, అంతే. అదీ వట్టిదే అనుకోండి. ఈ ఊరు నాలుగుసార్లు అసెంబ్లీకి పంపింది ఎవరిని? వావిలాల గోపాలకృష్ణయ్యగారిని. ఆయన పేరు చెబితే ఎవరికన్నా కారు గుర్తొస్తదా? ఖద్దరు బట్టలు, భుజాన సంచీ గుర్తొస్తయ్. ఢిల్లీ వాళ్లు పద్మభూషణ్ ఇచ్చినా ఆ సంచీ మారలేదు.

పెద్దాయన: ఎన్టీఆర్ సంగతి? 1982లో పాత షెవర్లే వ్యానుకి చైతన్యరథమని పేరు పెట్టి, హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగాడు. బండే సగం గెలిపించింది. బండికి విలువ లేదంటే నేనొప్పుకోను.

మెకానిక్: అది బండి గొప్ప కాదు, పైన నిలబడినాయన గొప్ప. ఆ వ్యాను నాకిచ్చి తిప్పమనండి, ఓటు ఎన్నొస్తయ్యో చూద్దాం.

ఈ ముచ్చట ఇంకాసేపు నడిచింది. దాన్ని వదిలేస్తాను. రాజకీయాల్లోకి పోతే మా సెంటర్లో ఏ మాటకీ అంతు ఉండదు. మెకానిక్ తర్వాత చెప్పిన సంగతులు మాత్రం, పాతకార్ల మీద మురిసిపోయే వ్యాసాల్లో ఎక్కడా చదవనివి.

మెకానిక్: మీరు ఆ పెట్రోలు వాసన ఇప్పటికీ తలుచుకుంటారు. ఎన్నోసార్లు విన్నా. ఆ పెట్రోల్లో సీసం ఉండేది. ఇంజను కొట్టుకోకుండా కలిపేవాళ్లు. 2000 ఫిబ్రవరిలో గాని దేశమంతా సీసం లేని పెట్రోలు రాలేదు. ట్యాంకులో నుంచి పెట్రోలు తియ్యాలంటే నేనేం చేసేవాణ్ణి? రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీల్చేవాణ్ణి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎన్నిసార్లు గొంతులోకి పోయిందో. పైపుకి అడ్డం పడితే నోటితోనే ఊదేవాణ్ణి.

పెద్దాయన: అప్పుడు ఎవరికి తెలుసు ఇదంతా?

మెకానిక్: ఎవరికీ తెలియదు. బ్రేకు డ్రమ్ము విప్పితే లోపల బూడిదలాగా దుమ్ము ఉంటది. లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవాళ్లు. ఆ దుమ్ముని బ్రష్షుతో దులిపి, ఉఫ్ఫని ఊది, మళ్లీ బిగించేవాళ్లం. నాకు పని నేర్పిన గుంటూరు ఉస్తాదు దగ్గుతూ దగ్గుతూనే పోయాడు. దేనివల్లని నేను చెప్పలేను. బీడీలు కూడా తాగేవాడు. కాని ఇవాళ మావాడు షెడ్డులో మాస్కు పెట్టుకుని డ్రమ్ము విప్పుతుంటే, నాకు ఆ పాత కాలం రావాలని అనిపించదన్నా. ఒక్క నిమిషం కూడా అనిపించదు.

పెద్దాయన: ఇన్ని చెప్పావు, ఇనుము సంగతి చెప్పు. అంత మందం రేకు ఇప్పుడేది? ఈ కొత్త బండ్లు వేలితో నొక్కితే సొట్టపోతున్నయ్. నా బండికి ఎద్దుల బండి కాడి తగిలితే కాడి విరిగింది.

మెకానిక్: కాడి విరిగింది, ఎందుకంటే దెబ్బ అటు పోయింది. గట్టి గోడకి గుద్దుకుంటే ఎటు పోవాలి? లోపలికి రావాలి. ఇప్పటి బండి ముందుభాగం నలగాలనే చేస్తారు, నలిగి దెబ్బని తను తింటది. మీ బండి నలగదు. మనుషులు నలుగుతారు. స్టీరింగ్ రాడ్డు ఒకే గట్టి ఇనుప కడ్డీ, ఛాతీకి ఎదురుగా. బెల్టు లేదు. మూడు చోట్ల పట్టే బెల్టుని వోల్వోవాళ్లు 1959లోనే పెట్టారట, మా మనవరాలు చెప్పింది, ఇంజనీరింగ్ చదువుతోంది. అంటే మీ బండి పుట్టిన రోజుల్లోనే. మనదాకా రావడానికి ఎన్నేళ్లు పట్టింది? నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. వాగు దాటితే తడిసి పట్టేవి కావు, తొక్కుతూ తొక్కుతూ ఆరబెట్టుకోవాలి.

పెద్దాయన: ఆరబెట్టుకున్నాం. బతికున్నాం.

మెకానిక్: బతికున్నవాళ్లే గదా టీకొట్టుకి వచ్చి చెప్పేది.

వాదన ఏకపక్షమైపోతోందని నాకే అనిపించి, ఇక్కడ నేనొక మాట అందుకున్నాను. మెకానిక్ చెప్పినవన్నీ నిజమే. ఒక్కచోట మాత్రం నేను పెద్దాయన పక్షమే. ఆ అంబాసిడర్‌ని పల్నాడులో ఎవరైనా విప్పగలిగేవారు. ఎండాకాలం పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే, దాని మీద తడిగుడ్డ వేసి పావుగంట చెట్టు కింద కూర్చోవడమే వైద్యం. ఆ వైద్యం పదేళ్ల కుర్రవాడికి కూడా తెలుసు. ఇప్పటి బండిలో సగం గుట్టు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాని తాళం కంపెనీ దగ్గర ఉంది. మనం డబ్బు పెట్టి కొన్న వస్తువుని మనకి నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కు గురించి ప్రపంచమంతా మాట్లాడుతోంది. 2022లో మన కేంద్ర ప్రభుత్వం కూడా మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. పాతకారు మీద బెంగ వేరు, ఈ హక్కు వేరు. పెద్దాయన రెంటినీ ఒకే మూటలో కట్టుకొచ్చాడు గనక మెకానిక్ ఆ మూటనే పారేస్తున్నాడు. అది నాకు నచ్చలేదు, అదే చెప్పాను.

మెకానిక్: మీరన్నది నిజం బాబూ. స్కానర్ చూపించని రోగం వస్తే మావాడూ చేతులు కట్టుకుని కూర్చుంటాడు. కొత్త సెన్సరు తెప్పించి మార్చి చూస్తాడు, కాదంటే ఇంకోటి. దానికి విరుగుడు కొత్త బండిని విప్పడం నేర్చుకోవడం. పాతది తెచ్చి వాకిట్లో పెట్టుకోవడం కాదు.

పెద్దాయన: ఏమైనా 2014 మేలో ఉత్తర్‌పారా మూసేశారని పేపర్లో చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఇక్కడ రాష్ట్రం విడిపోయే హడావుడి. ఆ వార్త ఎవరూ చదవలా.

మెకానిక్: అదే ఏడాది జనవరిలో మారుతి 800 కూడా ఆపేశారు. మీ అగ్గిపెట్టెకి ఎవరూ ఏడవలేదు. దాంట్లో ఎంతమంది మాస్టార్లు, గుమాస్తాలు మొదటిసారి కారెక్కారో! వాళ్లకీ ఒక జ్ఞాపకం ఉంటది గదా. అంబాసిడరు పేరుని 2017లో పెజో అనే ఫ్రెంచి కంపెనీకి 80 కోట్లకి అమ్మారు. ఆ పేరుతో ఇప్పటిదాకా ఒక్క బండీ బయటికి రాలా. కలకత్తాలో పసుపు టాక్సీలు కూడా పదిహేనేళ్ల రూలు కింద వరసగా తుక్కుకి పోతున్నయ్. బొంబాయిలో పద్మినీ టాక్సీలు 2023తో సరి. ఊళ్లకి ఊళ్లే వదిలేసుకున్నయ్, మీరొక్కరే పట్టుకున్నారు.

పెద్దాయన: హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం 1912 రోల్స్ రాయిస్‌ని పసుపు రంగేసి అద్దాల వెనక పెట్టారు. టికెట్టు కొని చూస్తారు జనం. నవాబు బండికైతే గౌరవం, పత్తి వ్యాపారి బండికైతే తుక్కా?

మెకానిక్: నవాబు దాని కోసం ఏమీ అమ్ముకోలేదన్నా. మీరు దాన్నే అమ్ముకున్నారు.

ఈ మాట మెకానిక్ కావాలనే అన్నాడనుకోను. జారింది. 1987లో ఏమైందో ఈ పక్క ఊళ్లలో అరవై దాటిన ఎవరిని అడిగినా చెబుతారు. పత్తికి తెల్లదోమ పట్టింది. మందు మీద మందు కొట్టినా పోలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులు తీరక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. రైతులకి ముందుగా డబ్బిచ్చిన చిన్న వ్యాపారులు కూడా ఆ దెబ్బకి కూలబడ్డారు. మరుసటి ఏడే పెద్దాయన కారు అమ్మింది.

పెద్దాయన: అవును. నీ షెడ్డులోనే బేరం అయింది.

మెకానిక్: అందుకే అంటున్నా. తాళం ఇచ్చేటప్పుడు మీ మొహం చూశా. ఏడవలేదు మీరు. బరువు దించుకున్నవాడిలాగా ఉన్నారు. బాకీవాళ్లకి సగమన్నా కట్టొచ్చని. ఆ కొన్నవాడు దానికి డీజిల్ ఇంజను ఎక్కించి పిడుగురాళ్ల రూటులో టాక్సీ తిప్పాడు. రెండుసార్లు నా దగ్గరికే వచ్చింది. వచ్చిందని మీకు చెప్పా. చూడ్డానికి కూడా రాలేదు. అప్పుడు లేని ప్రేమ ఇప్పుడెక్కడిది?

పెద్దాయన: అప్పుడు ఏడవడానికి తీరికేది భాయ్? నా దగ్గర డబ్బు తీసుకున్న రైతు, నాకంటే చిన్నవాడు, చేలోనే పడిపోయి ఉన్నాడని కబురొచ్చింది. వాడి పెళ్లికి ఊరేగింపు ఈ కార్లోనే. వాడి శవం దగ్గరికి అదే కార్లో పోయా. వాడి భార్య నన్ను చూడలా, కారు వంక చూసింది. ఇక దాంట్లో కూర్చోబుద్ధి కాలా. అమ్మేశా. ఊళ్లో అంతమంది అట్టా పోతుంటే నేను కారు కోసం ఏడిస్తే మనిషినా? ఇప్పుడు అప్పుల్లేవు. పిల్లలు ఒకడు హైదరాబాదు, ఒకడు డల్లాసు. పొద్దున లేస్తే సాయంత్రం దాకా తీరికే. అప్పుడు దాచుకున్నదంతా ఇప్పుడొస్తోంది. దానికి నేనేం చెయ్యను?

మెకానిక్ జవాబు చెప్పలేదు. గ్లాసు కడిగే కుర్రవాణ్ణి పిలిచి ఇంకో మూడు టీలు చెప్పాడు. వాదనలో ఆయన ఓడలేదు, ఆ మాటకొస్తే పెద్దాయనా గెలవలేదు. కాకపోతే ఇంతసేపూ పెద్దాయన బెంగని బడాయి కింద జమకట్టిన మెకానిక్‌కి, దానికింద మరో పద్దు ఉందని తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది. తర్వాత మాట్లాడినప్పుడు ఆయన గొంతు షెడ్డులో బేరమాడేటప్పటి గొంతులాగా ఉంది.

మెకానిక్: ఆ ఫిరంగిపురం బండి ఏ ఏడాదిది?

పెద్దాయన: 1972 అన్నాడు.

మెకానిక్: ఆర్సీ ఉందా?

పెద్దాయన: ఉందనే అన్నాడు.

మెకానిక్: అంటే కాదన్నా, చూడాలి. పాత మూడక్షరాల నంబరు, 1989కి ముందుది. కాగితం మీదున్న ఛాసిస్ నంబరు, బండి మీదున్న నంబరు ఒకటేనా చూడాలి. 2021లో కేంద్రం వింటేజీ బండ్లకి వేరే రూలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. అప్పుడు ‘వీఏ’ అని నంబరిస్తారు. కొత్తగా చేయిస్తే 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతది. తర్వాత రెన్యువల్‌కి 5,000. రోజూ తిప్పుకోవడానికి కాదు. ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ తీసుకుపోవచ్చు. దానికి ఎవడన్నా డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటే మాత్రం వింటేజీ ఆశ వదులుకోండి.

పెద్దాయన: ఇవన్నీ నీకెట్టా తెలుసు? వద్దు వద్దంటూనే రూల్సు కూడా చదివి పెట్టుకున్నావే!

మెకానిక్: మనవరాలు చదివింది. మీరు అడిగిన రోజే చదివించా. వద్దని చెప్పాలన్నా ఎందుకొద్దో తెలియాలి గదా.

పెద్దాయన: అయితే కొనమంటావు.

మెకానిక్: కొనొద్దంటున్నా. ఇప్పటికీ అదే మాట. కొంటే మాత్రం కొన్ని సంగతులు వినండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. ముందు అవన్నీ మార్చాలి. సీసం పెట్రోలుకి చేసిన వాల్వు సీట్లు చూడాలి. పశువుల పాకలో ఉందన్నారు గనక నేల రేకు తిని ఉంటది. సీటు కింద గోనె ఎత్తి చూడాలి. పైన కొత్త రంగు వేసి ఉంటే ఇంకా అనుమానించాలి. బ్రేకు లైనర్లు తీసి పారేసి కొత్తవి వెయ్యాలి, మాస్కు పెట్టుకుని. ముందు సీట్లకి బెల్టులు పెట్టిస్తారా?

పెద్దాయన: అంబాసిడర్‌కి బెల్టులా?

మెకానిక్: పెట్టిస్తానంటేనే వస్తా. ఇంకోటి. ఈసారి మజూరీ.

పెద్దాయన: రోజుకెంతో చెప్పు, పని మొదలుపెట్టకముందే సగం ఇస్తా. ఆ నాలుగేళ్లదీ లెక్క కట్టు.

మెకానిక్: అది లెక్క కట్టను. అది మా అమ్మాయి ఖాతా. ఇప్పటిది మాత్రం బిల్లు రాసిస్తా, రూపాయి తగ్గించను. ఆదివారం పోదాం.

పెద్దాయన: రేపే పోదాం.

మెకానిక్: రేపు పోతే మీరు ఆశపడ్డట్టు అమ్మేవాడికి తెలిసిపోయి ధర పెంచుతాడు. ఆదివారం. బేరం నేను చేస్తా, మీరు నోరు తెరవొద్దు. బండి కదిలే స్థితిలో ఉంటే నడిపేది కూడా నేనే. అన్నేళ్లు మీ బండి బాగుచేశా, ధూళిపాళ్ల దాకా ట్రయల్‌కి పోయి రావడం తప్ప ఒక్కసారి సరదాకి నడపలా.

పెద్దాయన: నువ్వు నడిపితే నేనేం చెయ్యాలి?

మెకానిక్: పక్కన కూర్చోండి. అది ఒకే పరుపు గదా, ముగ్గురు పడతారన్నారు.

పెద్దాయన: సెకండు గేరు నీకు పడదు. మార్క్ టూకి కాస్త పైకెత్తి లాగాలి.

మెకానిక్: పైకెత్తి లాగాల్సొస్తే లింకేజీ బుష్షులు పోయినట్టు. ఆ సంగతి మీకు 1981లోనే చెప్పా.